కార్బన్ లెక్కల్లో పద్దు లేని వైరస్‌లు

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషం. ఈరోజు మాట్లాడబోయే విషయం కంటికి కనిపించేది కాదు. అందుకని కనిపించే దానితోనే మొదలుపెడతాను.

నిలవ నీటి అంచున నిలబడి అడుగు బురదలో కర్ర గుచ్చితే బుడబుడమని బుడగలు పైకి వస్తాయి. చిన్నప్పుడు మీలో చాలామంది ఈ పని చేసే ఉంటారు. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా కూడా ఇదే చేశాడు. తర్వాతి కాలంలో బ్యాటరీ కనిపెట్టిన వోల్టాయే ఆయన. మజ్జోరె సరస్సు ఒడ్డున బురద కదిలించి, పైకొచ్చిన గాలిని సీసాలో పట్టి, నిప్పు చూపిస్తే అది మండింది. ఆ గాలినే ఇప్పుడు మనం మీథేన్ అంటున్నాం.

ఆ బుడగ తయారవడానికి ముందు బురదలో ఎవరు బతికారు, ఎవరు చచ్చిపోయారు, చంపింది ఎవరు? నా ప్రసంగం అంతా ఈ ప్రశ్న చుట్టూనే. చిత్తడి నేల కార్బన్‌ను దాచుకుంటుందా, గాలిలోకి వదిలేస్తుందా అన్నది అక్కడి సూక్ష్మజీవుల చావు బతుకులను బట్టి ఉంటుంది. ఆ చావుల్లో పెద్ద వాటా వైరస్‌లది. అయినా మనం వేసుకునే కార్బన్ లెక్కల పుస్తకంలో వాటి పేర పద్దే లేదు. ఇది సరిచేయాల్సిన లోటు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు చిత్తడి నేల సంగతి చూద్దాం. ఏడాది పొడవునా గానీ కొంతకాలం గానీ నీళ్లు నిలిచి, మట్టి సందులన్నీ నీటితో నిండిపోయే చోటు అది. రెల్లు పెరిగే బురద నేలలు, మడ అడవులు, లోతు తక్కువ చెరువుల అంచులు, నది పొంగినప్పుడు మునిగే మైదానాలు, చల్లటి దేశాల్లోని పీట్ నేలలు, అన్నీ ఇందులోకే వస్తాయి. భూమ్మీద నేల భాగంలో ఇవి 5 నుంచి 8 శాతం. కానీ ప్రపంచంలోని నేలలన్నిటిలో ఉన్న కార్బన్‌లో 20 నుంచి 30 శాతం వీటిలోనే ఉంది. ఒక్క పీట్ సంగతే తీసుకోండి. సగం కుళ్లి ఆగిపోయిన మొక్కల పదార్థం పొర మీద పొరగా పేరుకుంటే ఏర్పడేది పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. నేల భాగంలో 3 శాతం మాత్రమే ఉండే ఈ పీట్‌లో దాదాపు 60,000 కోట్ల టన్నుల కార్బన్ ఉంది. ప్రపంచంలోని అడవుల్లో ఉన్న చెట్లన్నీ కలిపినా అంత రాదు.

అంత కార్బన్ అక్కడ ఎందుకు ఆగిపోయింది? ఆక్సిజన్ లేక. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పై పొరలో ఉన్న సూక్ష్మజీవులు ఉన్న కాస్తా వాడేసుకుంటాయి. కొన్ని మిల్లీమీటర్ల కిందికి పోతే బురదలో ఆక్సిజన్ ఉండదు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2001లో క్రిస్ ఫ్రీమన్, ఆయన సహచరులు పీట్ మీద ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని చేయాలంటే ఆక్సిజన్ కావాలి. అది పని చేయకపోతే మొక్కల నుంచి వచ్చే ఫినాల్ పదార్థాలు పేరుకుపోతాయి. ఆ ఫినాల్‌లు మిగతా ఎంజైమ్‌లను, ఆక్సిజన్ అక్కర్లేని వాటిని కూడా, పని చేయనివ్వవు. అంటే ఒక్క ఎంజైమ్ ఆగిపోవడంతో మొత్తం తలుపుకు గొళ్లెం పడుతుంది. వాళ్లు దానికి పెట్టిన పేరు కూడా ఎంజైమ్ గొళ్లెమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

గొళ్లెం పడినా లోపల ప్రాణం ఉంది. ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు వరసగా పని చేస్తుంటాయి. మొదటి బృందం ఆకుల్లో, వేళ్లలో ఉన్న పెద్ద పెద్ద చక్కెర గొలుసులను ముక్కలు చేస్తుంది. రెండో బృందం ఆ ముక్కలను పులియబెట్టి ఎసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వాటిని తీసుకుని మీథేన్ చేసేవి మీథనోజెన్‌లు. ఇవి బాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే వంశం. మీథేన్ పైకి వెళ్తుంటే, ఆక్సిజన్ ఉన్న పలచటి పొర దగ్గర మీథనోట్రోఫ్‌లు కాచుకుని ఉంటాయి. మీథేన్ వాటికి ఆహారం. చాలా చిత్తడి నేలల్లో కింద తయారైన మీథేన్‌లో పెద్ద భాగం ఈ పొర దాటకుండానే ఖర్చయిపోతుంది. తప్పించుకునేది బుడగలుగా వచ్చేది, లేదా రెల్లు లాంటి మొక్కల కాడల్లోని గాలి గొట్టాల గుండా వచ్చేది.

ఆ తప్పించుకున్నది కూడా తక్కువేం కాదు. ఏటా గాలిలోకి చేరే మీథేన్‌లో 20 నుంచి 30 శాతం చిత్తడి నేలల నుంచే వస్తుంది. సహజంగా వచ్చే మీథేన్‌కు అన్నిటికన్నా పెద్ద వనరు ఇవే. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన అయితే దాదాపు 80 రెట్లు. కాబట్టి ఒక చిత్తడి నేల వాతావరణానికి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అన్నది, చేసేవాళ్లు ఎందరు, తినేవాళ్లు ఎందరు అన్న లెక్క మీద నిలబడి ఉంది.

ఇక వైరస్‌ల దగ్గరికి వద్దాం.

వైరస్ అన్న మాట వినగానే మనకు టెన్షన్ వస్తుంది. గడిచిన కొన్నేళ్లలో అందరం చూసినదాని తర్వాత అది సహజం కూడా. కానీ నీళ్లలో, బురదలో ఉండే వైరస్‌లలో అత్యధిక శాతం మన జోలికి రావు. అవి బాక్టీరియాకు, ఆర్కియాకు, శైవలాలకు సోకేవి. బాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారు. 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ వీటిని విడివిడిగా గుర్తించారు. అయినా ప్రకృతిలో ఇవి ఎన్ని ఉన్నాయో దాదాపు 70 ఏళ్లపాటు ఎవరికీ సరైన అంచనా లేదు. ప్రయోగశాలలో పెంచగలిగే బాక్టీరియా మీద పెట్టి, ఎన్ని చోట్ల అవి చనిపోయాయో చూసి లెక్కపెట్టేవారు. నీటిలోని బాక్టీరియాలో చాలావరకు ప్రయోగశాలలో పెరగనే పెరగవు కదా. పెరగని వాటికి సోకే వైరస్‌లు లెక్కలోకి ఎలా వస్తాయి?

1989లో నార్వేకు చెందిన ఓయివింద్ బెర్గ్, ఆయన సహచరులు దారి మార్చారు. పెంచడం మానేసి, నీటిలో ఉన్న కణాలన్నిటినీ నేరుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెట్టారు. ఒక్క మిల్లీలీటరు సహజ జలంలో 25 కోట్ల దాకా వైరస్ కణాలు కనిపించాయి. మిల్లీలీటరు అంటే ఇరవై చుక్కలు. అప్పటిదాకా అనుకున్న సంఖ్యలు దాని ముందు ఏమూలకూ చాలవు. ఇప్పుడు సముద్రాలన్నిటిలో కలిపి 1 పక్కన 30 సున్నాలు పెట్టినంత సంఖ్యలో వైరస్‌లు ఉంటాయని అంచనా. సముద్రంలోని సూక్ష్మజీవుల్లో బరువు లెక్కన దాదాపు 20 శాతాన్ని అవి రోజూ చంపుతాయనీ అంచనా ఉంది.

నేను మొదటిసారి బురద నీటిని సైబర్ గ్రీన్ అనే రంగుతో కలిపి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద చూసిన రోజు నాకింకా గుర్తుంది. పచ్చగా మెరిసే పెద్ద చుక్కలు బాక్టీరియా. వాటి మధ్య ఖాళీ అనుకున్న చోటంతా సూదిమొనతో పొడిచినట్టు సన్నటి పచ్చటి చుక్కలు. అన్నీ వైరస్‌లే. అప్పటిదాకా నేను బురద గురించి చదివిన పాఠాల్లో ఆ ఖాళీ నిజంగా ఖాళీయే.

ఇంకో మాట. బురదలో వీటిని లెక్కపెట్టడం నీటిలో లెక్కపెట్టినంత తేలిక కాదు. మట్టి రేణువులకు అంటుకుని ఉంటాయి. వాటిని విడదీయడమే సగం పని. నీటి మీద పరిశోధన ముందుకు పరిగెత్తి, బురద మీద పరిశోధన వెనకబడటానికి ఇది ఒక పెద్ద కారణం.

సరే, ఒక ఫేజ్ బాక్టీరియా మీద వాలింది. తన జన్యు పదార్థాన్ని లోపలికి పంపింది. బాక్టీరియా తన సొంత పని మానేసి వైరస్‌కు కావలసినవి తయారు చేయడం మొదలుపెడుతుంది. చివరికి కణం పగులుతుంది. పదుల నుంచి వందల దాకా కొత్త వైరస్‌లు బయటికి వస్తాయి. ఇక్కడ అందరి చూపూ వైరస్‌ల మీదికే పోతుంది. నేను మిమ్మల్ని రెండో దాని వైపు చూడమంటున్నాను. కణం పగిలినప్పుడు దాని లోపల ఉన్నదంతా నీటిలో ఒలికిపోయింది. అమైనో ఆమ్లాలు, చక్కెరలు, డీఎన్ఏ ముక్కలు, కొవ్వులు, ఇనుము, భాస్వరం, అన్నీ. కణం గోడ ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఇదంతా కార్బనే.

అదే బాక్టీరియాను వైరస్ చంపకపోయి ఉంటే? ఒక ఏకకణ జీవి తినేది, దాన్ని ఇంకో పురుగు తినేది, ఆ పురుగును చేప తినేది. కార్బన్ మెట్టు మెట్టుగా పైకి వెళ్లేది. వైరస్ చంపడంతో అది పైమెట్టు ఎక్కకుండా తిరిగి నీటిలోకి, బతికున్న ఇతర బాక్టీరియా నోటికి చేరింది. 1999లో స్టీవెన్ విల్హెల్మ్, కర్టిస్ సటిల్ దీనికి వైరల్ షంట్ అని పేరు పెట్టారు. రైల్వే స్టేషన్‌లో షంటింగ్ చూసే ఉంటారు, పెట్టెలను ఒక పట్టా మీద నుంచి ఇంకో పట్టా మీదికి మళ్లించడం. ఇదీ అంతే. పెట్టెలో సరుకు అదే, వెళ్లే ఊరు మారింది.

ఈ ఆలోచన సముద్రం మీద పుట్టింది. చిత్తడి నేలలో దీని అర్థం మారిపోతుందని నా వాదన. ఎందుకో చెబుతాను.

మొదటి కారణం, తినేవాళ్ల కొరత. బాక్టీరియాను తినే ఏకకణ జీవుల్లో ఎక్కువ వాటికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ లేని చోట అవి తగ్గిపోతాయి. వైరస్‌కు ఊపిరి అక్కర్లేదు. మరి అక్కడ బాక్టీరియా ఎవరి చేతిలో చస్తుంది? జర్మనీలోని ప్లుస్‌జే అనే సరస్సులో మార్కస్ వైన్‌బావర్, మాన్‌ఫ్రెడ్ హోఫ్లె ఇదే కొలిచి 1998లో ప్రచురించారు. పైన ఆక్సిజన్ ఉన్న నీటిలో వైరస్‌ల వల్ల కలిగిన చావులు సగానికన్నా తక్కువ. అడుగున ఆక్సిజన్ లేని పొరలో దాదాపు 90 శాతం. ఒకే సరస్సు, కొన్ని మీటర్ల లోతు తేడా, చంపేవాడు మారిపోయాడు. చిత్తడి నేలలో ఆక్సిజన్ లేని పొర మీటర్ల లోతున ఉండదు, వేలు ముంచితే తగులుతుంది.

రెండో కారణం, ఒలికిన సరుకు ఎక్కడికి పోతుందన్నది. సముద్రపు పై నీటిలో అది ఆక్సిజన్ పీల్చే బాక్టీరియాకు దొరుకుతుంది, చాలావరకు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. బురదలో దొరికేది పులియబెట్టే బృందానికి. వాళ్ల చేతిలో అది ఎసిటేట్, హైడ్రోజన్ అవుతుంది. తర్వాత మీథనోజెన్ చేతిలో మీథేన్ అవుతుంది. అంటే బురదలో ఒక కణం పగలడం, దాని పక్కనే ఉన్న మీథేన్ కొలిమికి కట్టెలు అందించినట్టు కావచ్చు. ఇంకోవైపు, కణం గోడ ముక్కలు బంకమట్టి రేణువులకు అంటుకుని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు కూడా. నేలల్లో నిలిచిపోయిన కార్బన్‌లో చచ్చిన సూక్ష్మజీవుల శిథిలాలది గణనీయమైన వాటా. ఒకే చావు రెండు దారులు తెరుస్తుంది. ఒకటి నిల్వకు, ఒకటి గాలికి. ఏది ఎంత అన్నది ఆ బురదలో బంకమట్టి ఎంత, ఇనుము ఎంత, నీళ్లు ఎంతకాలం నిలుస్తాయి అన్నవాటిని బట్టి మారుతుంది.

మూడో కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. వైరస్ కనిపించిన ప్రతి కణాన్నీ చంపదు. ఒక్కో వైరస్‌కు ఒక్కో జాతి, చాలాసార్లు ఆ జాతిలో కొన్ని రకాలే. తాళానికి తాళంచెవి లాగా. మీథనోజెన్‌కు సోకేది మీథనోట్రోఫ్‌కు సోకదు. ఇప్పుడు ఆలోచించండి. మీథేన్ చేసేవాళ్లను చంపే వైరస్‌లు ఒక వారం పెచ్చుమీరితే గాలిలోకి వెళ్లేది తగ్గుతుంది. మీథేన్ తినేవాళ్లను చంపేవి పెచ్చుమీరితే పెరుగుతుంది. సముద్ర తీరపు మడ నేలల్లో ఇంకో పోటీ ఉంది. ఉప్పునీటిలో సల్ఫేట్ ఉంటుంది, సల్ఫేట్‌తో బతికే బాక్టీరియా ఎసిటేట్‌నూ హైడ్రోజన్‌నూ మీథనోజెన్‌ల కన్నా ముందే లాగేసుకుంటాయి. అందుకే ఉప్పు మడల్లో మీథేన్ తక్కువ. ఆ బాక్టీరియాను వైరస్‌లు బాగా దెబ్బతీస్తే మిగిలిన మేత ఎవరికి పోతుందో మీరే ఊహించగలరు.

ఇదంతా ఊహేనా, ఎవరైనా చూశారా అని అడగాలి మీరు. చూశారు. ఉత్తర స్వీడన్‌లో అబిస్కో దగ్గర స్టోర్దాలెన్ అనే చిత్తడి నేల ఉంది. అక్కడ నేల కింద ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న పొర కరుగుతోంది. ఒకే చోట మూడు దశలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంకా గడ్డకట్టి ఉన్న పొడి దిబ్బ, సగం కరిగి నాచు పరుచుకున్న నేల, పూర్తిగా కరిగి నీళ్లు నిలిచి గడ్డి లేచిన నేల. గడ్డి లేచిన దగ్గర మీథేన్ అన్నిటికన్నా ఎక్కువ. జోఆన్ ఎమర్సన్, ఆమె సహచరులు ఆ మట్టిలోని డీఎన్ఏ అంతా చదివి 2018లో ఫలితాలు ప్రచురించారు. 1,907 రకాల వైరస్ సమూహాలు బయటపడ్డాయి. వాటిలో 35 శాతం ఏ సూక్ష్మజీవికి సోకుతాయో జన్యువుల ఆధారంగా జత కలపగలిగారు. ఆ జాబితాలో మీథనోజెన్‌లూ ఉన్నాయి, మీథనోట్రోఫ్‌లూ ఉన్నాయి. అంతకన్నా నన్ను కదిలించిన సంగతి, వైరస్‌ల సంఖ్యలను చూసి అక్కడి మీథేన్ తీరును అంచనా వేయగలగడం.

ఆ పరిశోధనలోనే ఇంకొకటి దొరికింది. కొన్ని వైరస్‌ల జన్యువుల్లో మొక్కల చక్కెర గొలుసులను తెంపే ఎంజైమ్‌ల నమూనాలు ఉన్నాయి. అందులో ఒక ఎంజైమ్‌ను ప్రయోగశాలలో తయారు చేసి చూస్తే నిజంగా పని చేసింది. ఇందాక గొళ్లెం గురించి చెప్పాను కదా. గొళ్లెం పడిన ఇంట్లో, గొలుసులు తెంపే పనిముట్టు ఒకటి వైరస్ సంచిలో ఉందన్నమాట. వైరస్‌కు మొక్కల నార ఎందుకు? దానికి తిండి అక్కర్లేదు. కానీ అది ఎక్కిన కణానికి కావాలి. కణం ఎంత బాగా తింటే లోపల అన్ని కొత్త వైరస్‌లు తయారవుతాయి. చంపబోయేదాన్ని ముందు బలంగా పని చేయించుకోవడం ఇది.

ఇలాంటిది మొదట బయటపడింది సముద్రంలో. 2003లో నికొలస్ మాన్ బృందం, కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువులు ఒక ఫేజ్‌లో ఉన్నాయని చూపించింది. సూర్యకాంతితో వైరస్‌కు ఏం పని అని అప్పట్లో చాలామందికి ఆశ్చర్యం. నీలి ఆకుపచ్చ బాక్టీరియాకు సోకిన తర్వాత, దాని కాంతి యంత్రం చెడిపోకుండా చివరిదాకా నడిపించుకోవడానికి వైరస్ విడిభాగాలు వెంట తెచ్చుకుంటుంది.

2020లో ఇదే కథ మీథేన్‌తో బయటికి వచ్చింది. మీథేన్‌ను పట్టుకుని మండించే ఎంజైమ్ ఒకటి మీథనోట్రోఫ్‌ల దగ్గర ఉంటుంది. పేరు పొడవు, మీథేన్ మోనోఆక్సిజనేజ్. అందులో మూడు భాగాలు. ఆ మూడింటిలో ఒక భాగం జన్యువు, దాని పేరు పీఎంఓసీ, మంచినీటిలోని పెద్ద ఫేజ్‌లలో ఉందని లిన్‌షింగ్ చెన్, జిలియన్ బాన్‌ఫీల్డ్, వాళ్ల సహచరులు చూపించారు. స్విట్జర్లాండ్‌లోని రోట్‌జే సరస్సు, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో క్రిస్టల్ బాగ్ అనే పీట్ సరస్సు, ఇలాంటి చోట్ల అవి దొరికాయి. మీథేన్ తినే పనిని, ఆ తినేవాళ్లను చంపే వైరస్సే కొంతసేపు ఎగదోయగలదని దీని అర్థం. మొదటి గంటల్లో మీథేన్ ఎక్కువ ఖర్చు కావచ్చు, ఆ తర్వాత కణమే ఉండదు. మొత్తం మీద లాభమా, నష్టమా అని ఒక్క ముక్కలో తేల్చే ప్రశ్న కాదిది. సోకిన కణాలు ఎన్ని, సోకాక ఎంతసేపు బతికాయి, చచ్చినవాటి చోటు ఎవరు ఆక్రమించారు, ఇవన్నీ కొలవాలి.

కార్బన్‌ను కళ్లముందే వెంబడించిన పని కూడా ఒకటి చెప్పాలి. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో మట్టికి బరువైన కార్బన్‌తో, అంటే కార్బన్ 13తో చేసిన మీథేన్ ఇచ్చారు. గుర్తు వేసిన నోటు ఏ చేతుల గుండా పోతుందో చూసినట్టు, ఆ కార్బన్ మొదట మీథనోట్రోఫ్‌లలో కనిపించింది, తర్వాత వాటికి సోకే వైరస్‌లలో కనిపించింది, ఆ తర్వాత మీథనోట్రోఫ్‌లను తిని బతికే బాక్టీరియాలోనూ వాటి వైరస్‌లలోనూ కనిపించింది. మీథేన్‌లోని కార్బన్ వైరస్ ఒంట్లో చేరిందని ఇంతకన్నా సూటిగా చూపించడం కష్టం.

అన్ని వైరస్‌లూ వెంటనే చంపవు. కొన్ని తమ జన్యువును ఆ కణం డీఎన్ఏలోనే కుట్టేసి ఊరుకుంటాయి. కణం విభజన చెందిన ప్రతిసారీ వైరస్ ప్రతి కూడా తయారవుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అలా తరాల తరబడి దాక్కుంటాయి. అతినీలలోహిత కిరణాల వంటివి తగిలి డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు లేచి కణాన్ని పగలగొడతాయి.

వైరస్ ఎప్పుడూ తినబడేది కాదనే అనుకుంటూ వచ్చాం. 2022 చివర్లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డిలాంగ్ బృందం ఆ నమ్మకాన్ని కూడా కదిలించింది. చెరువు నీటిలో ఉండే హాల్టీరియా అనే ఏకకణ జీవికి, శైవలాలకు సోకే క్లోరోవైరస్‌లను తప్ప వేరే తిండి పెట్టలేదు. రెండు రోజుల్లో హాల్టీరియా సంఖ్య దాదాపు 15 రెట్లు పెరిగింది. వైరస్‌లు వందో వంతుకు పడిపోయాయి. వైరస్ లేకుండా ఉంచిన హాల్టీరియా పెరగలేదు. అంటే వైరల్ షంట్ పక్క పట్టా మీదికి తోసిన కార్బన్‌లో కొంత మళ్లీ పైమెట్టు ఎక్కుతోంది. ఒక్క వైరస్‌లో ఉండే కార్బన్ అతి స్వల్పం. కానీ వైరస్‌లలో నైట్రోజన్, భాస్వరం పాళ్లు ఎక్కువ, అందుకని తినేవాటికి అది మంచి పోషకమే.

ఇప్పుడు లెక్కల పుస్తకం దగ్గరికి వస్తాను. నీటిలో కరిగిన కార్బన్ ఎంత అని కొలవాలంటే ఏం చేస్తాం? నీటిని సన్నటి వడపోత గుండా పోస్తాం. సాధారణంగా 0.45 మైక్రాన్లు, ఇంకా సన్నగా కావాలంటే 0.2 మైక్రాన్ల రంధ్రాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైన ఆగినది కణాల కార్బన్, కిందికి దిగినది కరిగిన కార్బన్ అని రాసుకుంటాం. ఫేజ్‌లలో చాలావాటి పరిమాణం 0.02 నుంచి 0.2 మైక్రాన్ల మధ్య. అవి వడపోత గుండా జారిపోతాయి. అంటే వైరస్‌లు లెక్కలోకి రాకుండా పోలేదు, కరిగిన కార్బన్ అనే వేరేవాళ్ల పద్దులో చేరిపోయాయి. చిత్తడి నేలల మీథేన్‌ను అంచనా వేసే కంప్యూటర్ నమూనాల్లో ఉష్ణోగ్రత ఉంటుంది, నీటి మట్టం ఉంటుంది, మొక్కల పెరుగుదల ఉంటుంది. సూక్ష్మజీవుల చావును మాత్రం ఒక స్థిర సంఖ్యగా పెట్టడం మామూలు. చంపేవాడు ఎవరో, ఎవరిని చంపాడో ఆ సంఖ్య చెప్పదు. గడ్డకట్టిన నేలలు కరుగుతున్న ఈ రోజుల్లో, కొత్తగా తడిసిన చోట ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో, దాని వెంట ఏ వైరస్ పెరుగుతుందో తెలియకుండా ముందుచూపు ఎలా వస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఇంతవరకు. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో నుంచి ప్రశ్న: మీథేన్ తయారు చేసేవాటిని చంపే వైరస్‌లను పెంచి చిత్తడి నేలల్లో వదిలితే సరిపోదా?)

మంచి ప్రశ్న. ఆశగా అనిపించే ఆలోచన, కానీ దారిలో మూడు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, మీథనోజెన్‌లకు సోకే వైరస్‌లలో ప్రయోగశాలలో పెంచగలిగినవి చాలా కొద్ది. రెండు, మీరు ఒక రకాన్ని చంపితే ఆ మేతను తినడానికి ఇంకో రకం మీథనోజెన్ సిద్ధంగా ఉంటుంది. చంపబడిన రకంలో కూడా వైరస్‌కు లొంగనివి మిగిలి మళ్లీ పెరుగుతాయి. మూడోది ఇందాక చెప్పినదే. పగిలిన కణాల సరుకు అక్కడే ఒలుకుతుంది, దాన్ని పులియబెట్టి మళ్లీ మీథేన్ వైపు పంపేవాళ్లు పక్కనే ఉంటారు. పూర్తిగా అర్థం కాని యంత్రంలో చెయ్యి పెట్టకూడదని నా అభిప్రాయం. మన చేతిలో నిజంగా ఉన్న మీట నీటి మట్టం. పీట్ నేలల నుంచి నీళ్లు తోడేస్తే ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, ఫ్రీమన్ చెప్పిన గొళ్లెం ఊడుతుంది, వేల ఏళ్ల కార్బన్ కొన్ని దశాబ్దాల్లో గాలిలో కలుస్తుంది. అలా ఎండగట్టిన పీట్ నేలల నుంచి వచ్చేది మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 4 నుంచి 5 శాతం దాకా ఉంటుందని అంచనా. ముందు అది ఆపాలి.

(ప్రశ్న: మేము విద్యార్థులం. నీటి నాణ్యత మీద ప్రాజెక్టు చేస్తున్నాం. పెద్ద పరికరాలు లేవు. మా వంతుగా ఏం చేయగలం?)

మీరు చేయగలిగింది ఉంది, ఖర్చు కూడా దాదాపు లేదు. మీరు చిత్తడి నేల నీటిని 0.2 మైక్రాన్ల వడపోత గుండా పోసి, వడపోత కాగితాన్ని బాక్టీరియా డీఎన్ఏ కోసం దాచుకుంటారు. కింద సీసాలోకి దిగిన నీటిని సింకులో పారబోస్తారు. నేను కూడా ఏళ్ల తరబడి అలాగే పారబోశాను. ఈసారి పారబోయకండి. కొంచెం నీటిని చిన్న గొట్టాల్లో పోసి, తేదీ, సమయం, లోతు, నీటి ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రాసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఎక్కడ దొరికితే అక్కడ పెట్టండి. అదే రోజు మీథేన్ కూడా కొలిచి ఉంటే ఆ అంకె కూడా గొట్టం మీద రాయండి. నెలకొకసారి, అదే చోట. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర పన్నెండు గొట్టాలు ఉంటాయి. నా దగ్గర లేనివి అవే.